1976లో మార్స్ మీద జీవం దొరికి, మనం పోసిన నీళ్ళకే చచ్చిపోయిందా?

పాతపేపరు:
మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. మొన్న భోజనాల దగ్గర "మార్స్ మీద నీళ్ళున్నాయంట కదా మావయ్యా, అయితే ప్రాణులు కూడా ఉన్నట్టేగా" అన్నాడు. నీళ్ళుండటం వేరు, ప్రాణం ఉండటం వేరు అని చెప్పబోయి వైకింగ్ కథలోకి దిగాను. కథ అయ్యేసరికి వాడు నిద్రపోయాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 1976 జులై 20న వైకింగ్ 1, సెప్టెంబరు 3న వైకింగ్ 2 అనే నాసా నౌకలు మార్స్ మీద దిగాయి. జీవం కోసం వెతికే పరికరాలు ఒక్కోదాంట్లో మూడు. గొడవంతా వాటిలో ఒకదాని గురించే. గిల్బర్ట్ లెవిన్ తయారుచేసిన 'లేబుల్డ్ రిలీజ్', పొట్టిగా ఎల్ఆర్. చిటికెడు మట్టి మీద పోషకాలు కలిపిన నీటి చుక్క వేస్తారు. ఆ పోషకాల్లో రేడియోధార్మిక కార్బన్-14 ఉంటుంది. మట్టిలో ఏ సూక్ష్మజీవైనా ఉండి ఆ తిండి తింటే, అది వదిలే గాలిలో కార్బన్-14 బయటపడుతుంది. వేల కిలోమీటర్ల ఎడంలో దిగిన రెండు నౌకల్లోనూ బయటపడింది! అదే మట్టిని ముందు 160 డిగ్రీలకు కాల్చి తర్వాత చుక్క వేస్తే ఏమీ రాలేదు. కాల్చితే పోయింది, కాల్చకపోతే ఉంది. ప్రాణానికి ఇంతకంటే ఏం గుర్తు కావాలి?

ఈ మూడూ కాక పక్కనే ఇంకో పరికరం ఉంది. మట్టిని 500 డిగ్రీల దాకా వేడి చేసి సేంద్రియ పదార్థం, అంటే ప్రాణుల ఒంట్లో ఉండేలాంటి కార్బన్ పదార్థం కోసం వెతుకుతుంది. అది "ఇక్కడ ఏమీ లేదు" అంది. ఒళ్ళే లేనిదానికి ప్రాణమెక్కడిది అని ఎక్కువమంది శాస్త్రవేత్తలు అటు మొగ్గారు. లెవిన్ మాత్రం 2021లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు.

నా పక్షం ముందే చెప్పేస్తా. అక్కడ జీవం ఉంది. కోట్ల ఏళ్ళు పొడిలోనే బతికిన దాన్ని మనం నీళ్ళలో ముంచి చంపాం. ఇక ఉతకండి.

డౌటేశ్వర్రావు:
చంపాం అంటున్నారు, శవం ఏదండీ? శవం లేకుండా కేసు నిలబడదు.

నీటిపరీక్ష:
పాతపేపరు గారూ, నేను తాగునీటి శాంపిళ్ళు చూసే ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మీరు ఒక సంగతి చెప్పలేదు. లెవిన్ మా వాడే. అంటే పారిశుధ్య ఇంజనీరు. నీళ్ళలో బ్యాక్టీరియాను తొందరగా పట్టుకోవడానికి కనిపెట్టిన పద్ధతినే ఆయన మార్స్ దాకా తీసుకెళ్ళాడు. అందుకని ఈ గొడవ నాకు ఇంట్లో గొడవలాగే ఉంటుంది.

మా దగ్గర ఏం చేస్తామో చెప్తాను. లాక్టోజ్ కలిపిన ద్రావణంలో నీటి శాంపిల్ వేసి, లోపల చిన్న గాజుగొట్టం బోర్లించి, 48 గంటలు ఇంక్యుబేటర్‌లో పెడతాం. గొట్టంలో గాలి బుడగ చేరిందా, 'ప్రిజంప్టివ్ పాజిటివ్' అని రాస్తాం. అంటే అనుమానం బలపడింది అని, అంతే. దాంతో రిపోర్టు ఇచ్చేయం. అక్కణ్ణుంచి ఇంకో ద్రావణంలోకి మార్చి 'కన్ఫర్మ్‌డ్' పరీక్ష చేస్తాం. మొదటిదాంట్లో బుడగ వచ్చి రెండోదాంట్లో తుస్సుమన్నవి నేను లెక్కపెట్టలేదు గానీ, చాలానే చూశాను. కొత్తగా చేరిన పిల్లలు మొదటి బుడగకే ఊరంతా చాటిద్దామంటారు.

ఎల్ఆర్‌లో వచ్చింది మొదటి బుడగ. నా అభ్యంతరం అక్కడ కాదు, రెండో చుక్క దగ్గర. మొదటి చుక్కకు గాలి ఒక్కసారిగా ఎగసింది, తర్వాత నెమ్మదించింది. కొన్నాళ్ళకు అదే మట్టి మీద ఇంకో చుక్క వేశారు. తినే ప్రాణి ఉంటే మళ్ళీ తినాలి, ఈలోగా పెరిగి ఉంటే ఇంకా ఎక్కువ తినాలి. కొత్త గాలి రాకపోగా, ఉన్న గాలిలో సుమారు ఐదో వంతు తగ్గింది. తడిసిన మట్టి దాన్ని తిరిగి పీల్చుకుంది. మొదటి చుక్కకే మందు మొత్తం ఖర్చయిపోయిన రసాయనం ఇలా ప్రవర్తిస్తుంది. ప్రాణి ఇలా చేయదు.

పాతపేపరు:
మేడమ్, చచ్చిపోయింది గనకే రెండోసారి తినలేదు అంటున్నా. నా వాదనే మీరు చెప్తున్నారు.

పైగా "సేంద్రియం లేదు" అన్న పరికరం మాట ఇప్పుడు చెల్లదు కదా. 2008లో నాసా నౌక ఫీనిక్స్ మార్స్ ఉత్తర ధ్రువం దగ్గర దిగి మట్టిలో పెర్క్లోరేట్ అనే ఉప్పును పట్టుకుంది. మన శ్రీహరికోట రాకెట్ల ఘన ఇంధనంలో కలిపేది కూడా పెర్క్లోరేటే, అమ్మోనియంది. చల్లగా ఉన్నంతసేపు బుద్ధిమంతుడు, వేడెక్కితే పక్కనున్న దాన్ని తగలబెడతాడు. వైకింగ్ పరికరం 500 డిగ్రీలకు వేడి చేసినప్పుడు సేంద్రియాలు ఉన్నా కాలి బూడిదై ఉంటాయి. 2010లో దక్షిణ అమెరికాలోని అటకామా ఎడారి మట్టిలో పెర్క్లోరేట్ కలిపి వేడి చేసి చూస్తే క్లోరోమీథేన్ (కార్బన్, క్లోరిన్ కలిసిన వాయువు) వచ్చింది. 1976లో వైకింగ్‌లో కనపడిందీ క్లోరోమీథేనే! అప్పుడు దాన్ని భూమి మీద పరికరం కడగడానికి వాడిన మందు తాలూకు మురికి అని కొట్టిపారేశారు. క్యూరియాసిటీ రోవర్ 2012లో దిగాక మార్స్ రాళ్ళలో సేంద్రియాలు ఉన్నాయని తేలిపోయింది. సాక్షి గుడ్డివాడని తేలాక ఆ సాక్ష్యంతో వేసిన శిక్ష ఎలా నిలుస్తుంది?

నీటిపరీక్ష:
ఆ సాక్షి విషయంలో మీదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ సాక్షి గుడ్డివాడైనంత మాత్రాన మీ వాదన రుజువైపోదు కదా.

మిరపతోట:
అన్నా, మీ రెండో చుక్క గొడవ మా చేల్లో రోజూ ఉండేదే. మాది గుంటూరు జిల్లా. మిరప మొక్క ఎండకు తట్టుకుంటుంది గానీ రెండు రోజులు నీళ్ళు నిలిస్తే ఉరకెత్తి వాడిపోద్ది. చూస్తే నీళ్ళు లేక వాడినట్టే ఉంటది, వేరు చూస్తే కుళ్ళిపోయి ఉంటది. తెలీనోడు అది చూసి ఇంకో తడి పెడతాడు.

అటకామాలోనూ అదే జరిగిందని చదివా. వందల ఏళ్ళుగా సరైన వాన లేని చోట వాన కురిసి గుంటలు కట్టింది. నీళ్ళొచ్చాయి కదా, బ్యాక్టీరియా పండగ చేసుకుంటదనుకున్నారు. ఎక్కువ రకాలు చచ్చిపోయాయి. ఉప్పులో, పొడిలో బతకడానికి అలవాటుపడ్డ కణాలు ఒక్కసారిగా నీళ్ళు తాగి పగిలిపోయాయి. 2018లో వచ్చిన పరిశోధన అది. అక్కడే ఉప్పు రాళ్ళ లోపల బతికే సూక్ష్మజీవులున్నాయి. వాన అక్కర్లేదు వాటికి. వానాకాలం మన ఇంట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టు ఆ రాయి గాలిలో తేమ లాగుద్ది, ఆ చెమ్మతోనే బతుకుతాయి. మార్స్ మట్టిలో పెర్క్లోరేట్ కూడా గాలిలో తేమ లాగే ఉప్పే. మరి అక్కడి జీవికి వైకింగ్ చుక్క అంటే మన మీద చెరువు బోర్లించినట్టు కాదా?

గోంగూర_డాలస్:
మిరపతోట గారూ, ఉప్పు మాట ఎత్తారు కాబట్టి ఆవకాయ దాకా వెళ్దాం. నేను ఫుడ్ ఇండస్ట్రీలో పనిచేస్తాను, డాలస్‌లో. ఆవకాయలో తేమ లేదా? ఉంది, ముక్కలో ఊట ఉంది. మరి బూజు ఎందుకు పట్టదు? ఆ నీటిని ఉప్పు పట్టేసుకుంటుంది, సూక్ష్మజీవికి అందనివ్వదు. తడి చెంచా పెట్టొద్దని మా అత్తగారు అరిచేది అందుకే. మేము దీన్ని 'వాటర్ యాక్టివిటీ' అని కొలుస్తాం. స్వచ్ఛమైన నీటికి 1. భూమి మీద మనకు తెలిసిన ఏ జీవీ సుమారు 0.6 కన్నా కింద పెరగలేదు.

మార్స్ ఉప్పునీళ్ళతో చిక్కే అది. పెర్క్లోరేట్ కలిస్తే మైనస్ 70 డిగ్రీల దాకా కూడా నీరు గడ్డకట్టకుండా ఉండొచ్చు. వినడానికి బాగుంది. కానీ ఆ చలికి కణం పనిచేయదు. కాస్త వేడెక్కేసరికి ఆవిరైపోతుంది, ఎందుకంటే అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్లో నూట యాభయ్యో వంతు కూడా సరిగ్గా ఉండదు. నీరు ఉందా అంటే ఉంది. తాగడానికి ఉందా అంటే లేదు. పాతపేపరు గారి మేనల్లుడికి ఆవకాయ జాడీ చూపించండి, నిద్రపోడు.

శనివలయం:
అందరూ మార్స్ పట్టుకుని వేలాడుతున్నారు. ఎన్సెలాడస్ వైపు చూడండి బాబూ. శని చుట్టూ తిరిగే 500 కిలోమీటర్ల చిన్న చందమామ. మంచు పెంకు కింద సముద్రం, దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్ళలోంచి ఆ నీళ్ళు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి. కస్సీనీ అనే నౌక ఆ చిమ్ములోంచే దూసుకెళ్ళింది. అందులో ప్రాణానికి పనికొచ్చే హైడ్రోజన్ ఉందని 2017లో, ఫాస్ఫేట్ ఉందని 2023లో బయటపెట్టారు. అక్కడ మీరు చుక్క నీళ్ళు కూడా పోయక్కర్లేదు.

డౌటేశ్వర్రావు:
శనివలయం గారూ, అక్కడికి చేరేసరికి మా మనవలు రిటైరవుతారు. మార్స్‌లోనే ఉందాం. మార్స్ కొండవాలుల మీద ఎండాకాలం నల్ల చారలు కనపడితే 2015లో "పారే నీళ్ళు" అని టీవీల్లో ఊదరగొట్టారు. 2017కల్లా "పొడి ఇసుక జారుతోంది, అంతే" అన్నారు. నీళ్ళ విషయంలోనే ఇంత తొందరపాటు, ఇక ప్రాణుల సంగతి చెప్పాలా?

నీటిపరీక్ష:
మిరపతోట గారి మాట నాకు నచ్చింది, ఉరకెత్తిన చేను ఉదాహరణ నేనెప్పుడూ వినలేదు. కానీ దాంట్లో ఒక ఇబ్బంది ఉంది. మొదట గాలి రావడం జీవానికి గుర్తు, తర్వాత రాకపోవడం చావుకు గుర్తు అంటే, ఏ ఫలితం వచ్చినా మీ మాట గెలుస్తుంది. ఓడిపోయే దారి లేని వాదనను ల్యాబ్‌లో ఎలా పరీక్షించాలి?

ఇంకోటి. ప్రతి ఊళ్ళో పంచాయతీ వాళ్ళు బావిలో బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. అందులో పనిచేసేది హైపోక్లోరైట్. మార్స్ మట్టి మీద పడే రేడియేషన్ పెర్క్లోరేట్‌ను విరగ్గొట్టి అదే హైపోక్లోరైట్‌ను తయారుచేయగలదని 2013లో ప్రయోగం చేసి చూపించారు. ఆ మట్టికి ఎల్ఆర్ పోషకాలు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే మీరు పిలిచే ప్రాణి, మా బావుల్లో ప్రాణుల్ని చంపే మందే కావచ్చు. బ్లీచింగ్ పౌడర్‌ను వేడి తగిలే చోట ఉంచితే పవరు పోతుందని మా అటెండరుకు కూడా తెలుసు. కాల్చితే పోయింది కాబట్టి ప్రాణమే అంటే ఎలా?

పాతపేపరు:
160 డిగ్రీలకు పోయిందంటే సరే. కానీ 50 డిగ్రీలకు వేడి చేసినా బాగా తగ్గింది మేడమ్. పెట్టెలో చీకట్లో నెలల తరబడి ఉంచిన మట్టి అసలు స్పందించలేదు. 50 డిగ్రీలంటే మా రెంటచింతల ఎండకు కాస్త ఎక్కువ. అంత సున్నితమైన రసాయనమా?

నీటిపరీక్ష:
50 డిగ్రీల సంగతే మీ పక్షంలో గట్టి పాయింటు. దానికి నా దగ్గర నోరు మూయించే జవాబు లేదు. నెలల తరబడి నిల్వ ఉంచితే పోయిందన్నది మాత్రం బ్లీచింగ్‌కూ సరిపోతుంది, మీ జీవికీ సరిపోతుంది. నేను 'లేదు' అనడం లేదు. కన్ఫర్మ్‌డ్ పరీక్ష జరగకుండా 'ఉంది' అని సంతకం పెట్టను అంటున్నా.

మిరపతోట:
మరి ఆ రెండో పరీక్ష చేయడానికి యాభై ఏళ్ళు చాలలేదా? ఎన్ని రోవర్లు పంపారు!

శనివలయం:
అది మాత్రం నిజమైన ప్రశ్న. వైకింగ్ తర్వాత మార్స్ మట్టికి తిండి పెట్టి తింటుందా అని చూసిన పరికరం ఒక్కటీ వెళ్ళలేదు. 'నీళ్ళను వెతుకు' అన్నదే దారి అయిపోయింది. పాత నదుల గుర్తులు, బంకమట్టి, ఖనిజాలు. 2021లో దిగిన పర్సెవరెన్స్ కూడా రాళ్ళు గొట్టాల్లో నింపి పెడుతోంది గానీ బతికున్నదాన్ని వెతకదు. విచిత్రం ఏంటంటే, నీళ్ళు ఉండొచ్చని అనుమానం ఉన్న చోటుకు రోవర్‌ను వెళ్ళనివ్వరు. మన సూక్ష్మజీవులు అంటుకుని పోతాయని భయం. నల్ల చారల దగ్గరికి క్యూరియాసిటీని పోనివ్వకపోవడానికి అదీ ఒక కారణమే.

డౌటేశ్వర్రావు:
ఎక్కడ నీళ్ళున్నాయో అక్కడికి వెళ్ళకూడదు, ఎక్కడికి వెళ్ళగలరో అక్కడ నీళ్ళు లేవు. అచ్చం మా కాలనీ ట్యాంకర్ కథ.

పాతపేపరు:
ఇదంతా మావాడికి చదివి వినిపించా. మొత్తం విని "చుక్క ఎందుకు మావయ్యా, తేమ మాత్రం ఇచ్చి చూడొచ్చుగా" అన్నాడు. నాకు ఆ సంగతి తట్టనే లేదు. నీటిపరీక్ష మేడమ్, జవాబు చెప్పండి.

నీటిపరీక్ష:
మీవాడు ల్యాబ్‌కు పనికొస్తాడు. అదీ 1976లోనే చేశారు. మూడు పరికరాల్లో ఇంకోటి గ్యాస్ ఎక్స్ఛేంజ్. అందులో మట్టిని తడపకుండా ముందు తేమ మాత్రం తగలనిచ్చారు. వెంటనే ఆక్సిజన్ వచ్చింది. జీవమేమో అనుకునేలోపే, 145 డిగ్రీలకు కాల్చిన మట్టి నుంచి కూడా వచ్చింది. కాల్చినా వచ్చేది ప్రాణం కాదు. మట్టిలోనే తేమ తగిలితే రేగే రసాయనం ఏదో ఉందని నాకు నమ్మకం కలిగింది అక్కడే. అయితే ఆ పెట్టెలో కార్బన్-14 లేదు కాబట్టి ఎల్ఆర్ గొడవను అది తేల్చదు. కార్బన్-14 వాడిన మూడో పెట్టె నార్మన్ హొరోవిట్జ్‌ది. అది ఎక్కువగా పొడిగానే నడిచింది. మొదట్లో చిన్న సిగ్నల్ కనపడింది, తర్వాత నిలకడగా రాలేదు. హొరోవిట్జ్ తన సొంత సిగ్నల్‌నే ప్రాణం కాదని కొట్టేశాడు.

పాతపేపరు:
సొంత సిగ్నల్‌ను కొట్టేసినాయన ఒకరు, చచ్చేదాకా పట్టుకున్నాయన ఒకరు. నా ఓటు 'ఉంది' నుంచి 'పెండింగ్'కి మార్చుకుంటున్నా మేడమ్. 50 డిగ్రీల పాయింటు మాత్రం వదలను.