జెల్లీఫిష్‌లా క్యాన్సర్ కణాలను పట్టే చిప్, నిజమేనా?

ప్రశ్న (చెన్నై):
మా పిన్నికి రొమ్ము క్యాన్సర్, అడయార్‌లో చూపిస్తున్నాం. నిన్న ఓపీ బయట టోకెన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఫోన్‌లో చదివాను, జెల్లీఫిష్‌ను చూసి తయారుచేసిన పదార్థంతో రక్తంలోంచే క్యాన్సర్ కణాలను పట్టుకుంటారట. ఇక బయాప్సీ అక్కర్లేదా అండీ? ఆ మాటెత్తితేనే ఆమెకు టెన్షన్.

జవాబు 1:
నిజమేనండీ. 2012లో బోస్టన్‌లో జెఫ్రీ కార్ప్ బృందం చేసింది. జెల్లీఫిష్ పొడవాటి టెంటకిల్స్‌తో నీళ్లలో తేలే ఆహారాన్ని పట్టేస్తుంది కదా, అలాగే సన్నటి కాలువలున్న చిప్‌లో పొడవాటి డీఎన్ఏ దారాలు అతికించారు, వాటికి లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు అంటుకున్నాయి. నాకు బాగా నచ్చింది తర్వాతి సంగతి: ఎంజైమ్‌తో దారాన్ని కత్తిరిస్తే కణం ప్రాణంతోనే బయటికొస్తుంది.

జవాబు 2 (బెంగళూరు, ల్యాబ్ పని):
కష్టమంతా లెక్కలోనే ఉందండీ. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎర్ర కణాలే సుమారు 500 కోట్లు, వాటి మధ్య క్యాన్సర్ కణాలు చాలాసార్లు పది కూడా ఉండవు. అమెరికాలో 2004లో అనుమతి పొందిన సెల్‌సెర్చ్ అనే రక్తపరీక్ష, క్యాన్సర్ కణం పైనుండే ఒక ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ పూసిన అయస్కాంత రేణువులతో వాటిని లాగుతుంది, వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో 7.5 మిల్లీలీటర్లకు 5 లేదా అంతకు మించి కనబడితే జబ్బు తీవ్రంగా ఉందని అర్థం. కానీ ఆ ఉపరితల ప్రొటీన్ పోగొట్టుకున్న కణాలు దానికి దొరకవు. కాబట్టి బయాప్సీ మానొద్దు, పిన్నిగారి డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. గురువారం అపాయింట్‌మెంట్ ఉంది, అప్పుడే అడుగుతాను.