సంతకం లేని పనికి నియమావళి ఏం చేస్తుంది?

టెస్టర్:
కొన్నేళ్ల కిందట, ఒక ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి ముందు రాత్రి నా షీట్‌లో పదకొండు టెస్టులు ఎర్రగా ఉన్నాయి. పది చిన్నవే. పదకొండోది మందు డోసు లెక్క. యూనిట్ మార్చినా తెర మీద అంకె మారడం లేదు. 5 మిల్లీగ్రాములు ఉన్నచోట మైక్రోగ్రాములు ఎంచుకున్నా 5 అనే చూపిస్తోంది. అంటే వెయ్యి రెట్ల తేడా. "ఇప్పటికి పాస్ అని పెట్టెయ్, తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అన్నారు మేనేజర్. పదీ మార్చాను. పదకొండోదానికి చెయ్యి రాలేదు, వదిలేశాను.

కంప్యూటింగ్ వాళ్ల అంతర్జాతీయ సంఘం ఏసీఎం 2018లో తిరగరాసిన నైతిక నియమావళి చదివినదాన్నే నేను. హాని చేయకూడదని అందులో ఉంది. ఆ రాత్రి అది నాకు ఎందుకూ పనికిరాలేదు. మరి అది ఎవరి కోసం?

రిటైర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీర్:
అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. లైసెన్సు లేనిచోట నియమావళి ఉత్త కాగితం. 1981లో కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. పైదాన్నీ కిందిదాన్నీ ఒకే పొడవాటి కడ్డీలు మోయాలన్నది అసలు డిజైన్. బిగించడం తేలికవుతుందని ఒక్కో కడ్డీని రెండు చేశారు. దాంతో పై దూలం కింద ఉన్న నట్టు మీద భారం రెట్టింపైంది. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు మిస్సోరిలో రద్దయ్యాయి. డ్రాయింగ్ మీద ముద్ర వేసిన ప్రతిసారీ నాకు ఆ నట్టు గుర్తొచ్చేది. మీ షీట్ మీద ఎవరి ముద్ర ఉందమ్మా?

బ్యాకెండ్ డెవలపర్:
సార్, మీ మాట కాదనను. కానీ ఆ ప్రయత్నమూ అయింది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల లైసెన్సు పరీక్ష 2013లో మొదలుపెట్టి 2019లో ఎత్తేశారు. ఐదుసార్లు పెడితే రాసింది మొత్తం 81 మంది. లైసెన్సు లేకుండానే ఉద్యోగం వస్తుంటే ఎవరు రాస్తారు?

అలాగని నియమావళి మీదా నాకు ఆశ లేదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 63 మంది విద్యార్థులకూ 105 మంది డెవలపర్లకూ ఇలాంటి చిక్కు సందర్భాలే ఇచ్చారు. ఏసీఎం నియమావళి చూపించినవాళ్ల జవాబులకీ మిగతావాళ్ల జవాబులకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

రైల్వే సిగ్నలింగ్ ఇంజనీర్:
ఆ అధ్యయనం అడిగింది ఒంటరిగా కూర్చున్న మనిషిని. నియమావళితో పని పడేది ఆ మనిషి వెనక ఇంకొకరు నిలబడాల్సి వచ్చినప్పుడు.

1970ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే కొత్త లోకల్ రైళ్లు వస్తున్న రోజులవి. ఆటోమేటిక్ కంట్రోల్ సురక్షితమేనా అని ముగ్గురు ఇంజనీర్లు అడుగుతూ వచ్చారు. పైవాళ్లు పట్టించుకోకపోతే విషయాన్ని బోర్డు సభ్యుల దాకా తీసుకెళ్లారు. 1972 మార్చిలో ముగ్గురి ఉద్యోగాలూ ఊడాయి. అదే ఏడాది అక్టోబరులో ఫ్రీమాంట్ స్టేషన్లో ఒక రైలు ఆగకుండా పట్టాల చివర దాటి దూసుకుపోయింది. ఆ ముగ్గురూ వేసిన కేసులో ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ కల్పించుకుని, ప్రజల భద్రత చూడటం ఇంజనీరు ఉద్యోగ ఒప్పందంలోనే ఇమిడి ఉందని కోర్టుకు విన్నవించింది. కేసు రాజీతో ముగిసింది. అది చాలదని నాకూ తెలుసు. కానీ ముందే రాసిపెట్టిన మాట ఒకటి లేకపోతే ఆ సంఘం ఏం పట్టుకుని కోర్టుకెళ్లేది? మన దగ్గర లోపించింది ఆ సంఘం. వాక్యాలు ఎప్పటినుంచో ఉన్నాయి.

టెస్టర్ గారూ, పదకొండోది ఎర్రగానే ఉందా మరి?

టెస్టర్:
లేదండీ. తెల్లారేసరికి పచ్చగా ఉంది. ఎవరు మార్చారో ఎడిట్ హిస్టరీలో పేరు కనిపిస్తోంది. స్క్రీన్‌షాట్ తీసి మెయిల్ మొత్తం రాశాను. ఎవరికి అన్న గడి దగ్గర ఆగిపోయాను. మేనేజర్ పైవాళ్లకా, ఆస్పత్రికా, నాకు సభ్యత్వమే లేని సంఘానికా? మూడు వారాల తర్వాత వేరే టీమ్ ఆ బగ్ పట్టుకుని సరిచేసింది. ఈలోపు ఆ తెర చూసి ఎవరైనా డోసు ఇచ్చారేమో నాకు తెలియదు. మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.