ఐక్యరాజ్యసమితి జీతంపై ఆదాయపు పన్ను: మినహాయింపు ఎవరికి వర్తిస్తుంది?

గోదావరి_తీరం:
మా చెల్లెలికి ఢిల్లీలోని ఒక ఐక్యరాజ్యసమితి సంస్థలో కన్సల్టెంటుగా అవకాశం వచ్చింది. అక్కడి జీతాలకు పన్ను ఉండదని బంధువులందరూ చెబుతున్నారు గానీ, ఒప్పందపత్రంలో మాత్రం పన్నుల బాధ్యత తనదేనని రాసి ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత_ఉద్యోగి:
ఒప్పందపత్రంలో ఉన్నదే సరైనదండీ. ఐక్యరాజ్యసమితి అధికారాలు, రక్షణలపై 1946లో కుదిరిన ఒడంబడికలోని 18వ సెక్షన్ 'అధికారుల' జీతభత్యాలకు పన్ను మినహాయింపునిచ్చింది. దానికి మన దేశంలో 1947 నాటి చట్టం బలం చేకూర్చింది. స్థానికంగా నియమితులై గంటల లెక్కన వేతనం తీసుకునేవారు తప్ప మిగిలిన సిబ్బంది అందరూ ఈ అధికారుల కిందికే వస్తారని సర్వసభ్య సభ 1946 డిసెంబరులోనే తీర్మానించింది కాబట్టి, నెలజీతంపై పనిచేసే డ్రైవరుకు కూడా మినహాయింపు దక్కుతుంది. కన్సల్టెంటు మాత్రం సిబ్బందిలో భాగం కారు. వారిని ఐక్యరాజ్యసమితి పని మీద పంపే నిపుణుల కింద లెక్కించినా, అలాంటి నిపుణులకు అదే ఒడంబడికలోని 22వ సెక్షన్ అరెస్టు నుంచి రక్షణ వంటివి ఇస్తుందే గానీ, పన్ను ఊసెత్తదు.

ఈ పన్ను మినహాయింపు వ్యక్తులకు చేసే మర్యాద అని చాలామంది అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. సభ్యదేశాలన్నీ కలిసి ఇచ్చిన సొమ్ము కార్యాలయమున్న ఒక్క దేశపు ఖజానాకు చేరకూడదన్నది, ఒకే హోదాలో ఉన్న ఇద్దరి చేతికి వేర్వేరు మొత్తాలు రాకూడదన్నది దీని వెనకున్న న్యాయం. అమెరికా తన పౌరుల జీతాలపై పన్ను వేసే హక్కును అట్టేపెట్టుకోవడంతో, ఆ పన్నును ఐక్యరాజ్యసమితే వారికి తిరిగి చెల్లించవలసి వస్తోంది.

శారద_హైదరాబాద్:
పింఛను గురించి కూడా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి పింఛనుకూ ఈ మినహాయింపు ఉంటుందని కర్ణాటక హైకోర్టు తీర్పునివ్వగా, ప్రత్యక్ష పన్నుల బోర్డు 1981లో 293వ సర్క్యులర్ ద్వారా దాన్ని అంగీకరించింది. మా నాన్నగారి రిటర్నులో పింఛనును మినహాయింపు ఆదాయంగా చూపించి, బ్యాంకు వడ్డీకి, ఇంటి అద్దెకు మాత్రం అందరిలాగే పన్ను కడుతున్నాం. ఆయన ఉద్యోగంలో ఉండగా గృహరుణానికి వెళితే బ్యాంకువారు ఫారం 16 (జీతంలో కోసిన పన్ను వివరాలతో యజమాని ఇచ్చే పత్రం) కోసం పట్టుబట్టారు. సంస్థ ఇచ్చిన జీతపు ధ్రువపత్రంతో పాటు 1947 చట్టం ప్రతిని జతచేసిన తరువాతే పని జరిగింది.

పటాన్‌చెరు_వాసి:
అన్ని అంతర్జాతీయ సంస్థలకూ ఒకే నియమం లేదని గమనించాలి. ప్రపంచ బ్యాంకు ఒప్పందం ఏ దేశమైనా తన సొంత పౌరులపై పన్ను వేయడాన్ని అడ్డుకోదు. మా ఊళ్లోని ఇక్రిశాట్ (మెట్ట పంటలపై పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వంటి సంస్థలకు కేంద్రం 1947 చట్టంలోని 3వ సెక్షన్ కింద విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. అందులో ఏ నిబంధనలు వర్తింపజేశారో అవే చెల్లుతాయి.

విశ్రాంత_ఉద్యోగి:
గోదావరి_తీరం గారూ, ఐక్యరాజ్యసమితి సంస్థలు సాధారణంగా టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా కోసే పన్ను) పట్టుకోవు కాబట్టి, పన్ను పదివేలు దాటేటట్లయితే మీ చెల్లెలుగారు ముందస్తు పన్నును వాయిదాల్లో తానే కట్టుకోవాలి. మొదటి వాయిదా గడువు జూన్ 15.