640 కేబీ గోడ: తప్పు చిప్‌దా, డాస్‌దా?

పాతచిప్పు:
పాత పీసీల ఆపరేటింగ్ సిస్టం డాస్, ప్రోగ్రాములకి 640 కేబీ మెమరీ దగ్గర ఆగిపోవడం మైక్రోసాఫ్ట్ చేతగానితనమని ఇక్కడ చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. మొదటి ఐబీఎం పీసీలోని 8088 చిప్‌కి అడ్రసు లైన్లు, అంటే మెమరీలో చోటుని చూపించే తీగలు, 20. అంటే దానికి కనబడేది 1 ఎంబీ, అంతే. అందులో పై 384 కేబీని 1981లోనే ఐబీఎం స్క్రీనుకీ, మెషీన్ని మొదలుపెట్టే బయోస్‌కీ పక్కన పెట్టేసింది. ఇక డాస్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కాన్ఫిగ్_బాధితుడు:
1981 సంగతి సరే అండీ. 1984లో ఐబీఎం ఏటీ పీసీతో 286 చిప్ వచ్చింది, 16 ఎంబీ చూడగలదు. అయినా మైక్రోసాఫ్ట్ వాళ్ళు డాస్‌ని హెచ్‌ఎంఏలోకి, అంటే 1 ఎంబీ దాటగానే ఉండే 64 కేబీ ముక్కలోకి, ఎక్కించింది 1991లో, డాస్ 5తో. పోటీ కంపెనీ డీఆర్ డాస్ ఆ పని 1990లోనే చేసింది. ఆ 64 కేబీ కోసం ఇన్నేళ్ళా?

కొలతలరాజు:
64 కేబీ కాదు. 65,520 బైట్లు. 16 తక్కువ.

కాన్ఫిగ్_బాధితుడు:
ఆ 16 మీరే ఉంచుకోండి.

పాతచిప్పు:
1 ఎంబీ పైన మొత్తం చూడాలంటే 286ని ప్రొటెక్టెడ్ మోడ్‌లో పెట్టాలి. అందులోకి పంపడం తేలిక. డాస్ నడిచే మామూలు మోడ్‌కి వెనక్కి రావడానికి చిప్ చేసిన ఇంటెల్ దారే పెట్టలేదు! ఏటీలో కీబోర్డు కంట్రోలర్ చేత ప్రాసెసర్‌ని రీసెట్ కొట్టించి తెచ్చేవాళ్ళు. ఫ్యాను ఆపడానికి మెయిన్ దించినట్టు. 640 గోడ దాటడానికి 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కలిసి ఈఎంఎస్ అనే పద్ధతి తెచ్చాయి. 640 పైన 64 కేబీ కిటికీ, అందులో 16 కేబీ పేజీలు నాలుగు. కార్డు మీదున్న మెమరీని విడతలుగా అందులోంచి చూపించడం. చిన్న గిన్నెతో పెళ్ళివంటే, కానీ వండారు కదా.

దారినపోయేవాడు:
ఆపిల్ మాక్‌లో ఈ తలనొప్పి లేదు.

కొలతలరాజు:
ఎందుకు లేదు? మాక్‌లోని 68000 చిప్‌కి అడ్రసు 24 బిట్లే కదా అని, 32 బిట్ల పాయింటర్‌లో (మెమరీ చోటు చెప్పే అంకెలో) పై 8 బిట్లలో వేరే గుర్తులు దాచుకున్నారు. 32 బిట్ల అడ్రసులు వచ్చాక అలా రాసిన ప్రోగ్రాములు కూలాయి.

కాన్ఫిగ్_బాధితుడు:
నా సంగతి వినండి. 1994, హైదరాబాద్‌లో ఒక ఆఫీసు. మెషీన్లో 4 ఎంబీ ఉంది. నెట్‌వర్కు, మౌసు డ్రైవర్లు రెండూ ఎక్కిస్తే అకౌంట్స్ ప్యాకేజీ మెమరీ చాలదనేది. డ్రైవర్లని 640 పైకి పంపే డివైస్‌హై లైన్లు పైకీ కిందికీ మారుస్తూ ఎన్ని రాత్రులో. "మెమరీ కొన్న డబ్బులు తిన్నావా?" అన్నాడు మేనేజరు, అందరి ముందూ.

పాతచిప్పు:
మేనేజరు నోటికి డాస్ ఏం చేస్తుంది?

కాన్ఫిగ్_బాధితుడు:
మీకేం, ప్యాకేజీలు అమ్ముకున్నవారై ఉంటారు.

పాతచిప్పు:
అమ్మలేదు, వాడాను. మా నాన్నగారి రైస్ మిల్లు లెక్కలన్నీ 1988 నుంచి ఒకే ప్రోగ్రాంలో. రాసినతను ఊరొదిలి పోయాడు, సోర్సు లేదు. మెమరీ పద్ధతి మొత్తం మార్చేసి ఉంటే మేం మళ్ళీ చిట్టా పుస్తకాలకే పోవాలి. తర్వాతి చిప్ 386 మీద, మెమరీ సర్దే డ్రైవర్ ఈఎంఎం386 ఏం చేసింది? పాత ప్రోగ్రాంకి తెలియకుండానే దాని చుట్టూ మెమరీ సర్దింది. నాకు కావలసింది అదే.

కాన్ఫిగ్_బాధితుడు:
అదీ అసలు సంగతి. మీ మిల్లు ప్రోగ్రాం కదలకూడదు, దానికోసం నా నిద్ర పోవాలి. 1987లో డాస్ స్థానంలో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఓఎస్/2 వచ్చినప్పుడే పాతదాన్ని వదిలేయాల్సింది.

పాతచిప్పు:
అందులో ఒకసారికి ఒక్క డాస్ ప్రోగ్రామే నడిచేది. పైగా దానికి కావలసిన మెమరీ మీ మేనేజరు కొనిచ్చేవాడా?

కొలతలరాజు:
అదంతా తర్వాత. బాధితుడుగారూ, మీ కాన్ఫిగ్ సిస్‌లో, అంటే డాస్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైల్లో, డాస్=హై పక్కన యూఎంబీ అని ఉందా? అది లేకపోతే డివైస్‌హై డ్రైవర్లని 640 పైకి పంపదు.

కాన్ఫిగ్_బాధితుడు:
హై ఒక్కటే ఉండేది. యూఎంబీ సంగతి మాకెవరూ చెప్పలేదు.