కణితి ముక్కకు ఒక్కో జీన్ టెస్టా, ఒకేసారి పెద్ద ప్యానెలా?

పెద్దకొడుకు:
నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. సూది బయాప్సీలో వచ్చిన ముక్క దారప్పోగంత. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి జీన్లలో మార్పులు వెతికారు. ముందు ఈజీఎఫ్‌ఆర్ అనే జీన్ చూసి మార్పు లేదన్నారు. తర్వాత ఏఎల్‌కే, అదీ లేదు. ఆర్‌ఓఎస్1 దగ్గరికి వచ్చేసరికి బ్లాకులో (ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మలో) కణజాలం అయిపోయిందన్నారు. మళ్ళీ సూది పొడిపించుకునే ఓపిక ఆయనకు లేదు. మొదటే ఎన్‌జీఎస్ ప్యానెల్, అంటే చాలా జీన్లను కలిపి చదివే టెస్టు, చేసి ఉంటే అన్నీ ఒకేసారి తేలేవి. ఈ ఒక్కో జీన్ పద్ధతి ఆపెయ్యాలి.

మైక్రోటోమ్:
ల్యాబ్‌లో బ్లాకులు కోసేవాణ్ణి. బ్లాకును మెషీన్‌కి బిగించిన ప్రతిసారీ ముఖం సమం చెయ్యడానికే కొన్ని కోతలు చెత్తలోకి పోతాయి. మూడుసార్లు విడివిడిగా అడిగితే మూడుసార్లు వృథా. కావలసిన స్లైడ్లన్నీ మొదటిరోజే కోసిపెట్టమంటే సరిపోయేది. తప్పు టెస్టుది కాదు, అడిగిన తీరుది.

పెద్దకొడుకు:
అడగడం రోగి పనా?

దారినపోయే:
ఇంత గొడవెందుకు, రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉందిగా.

మైక్రోటోమ్:
ఉంది. రక్తంలో మార్పు కనబడితే నమ్మొచ్చు. కనబడకపోతే లేదని కాదు. కొన్ని కణితులు రక్తంలోకి డీఎన్‌ఏ పెద్దగా వదలవు.

నిదానం:
ప్యానెల్ ప్యానెల్ అంటున్నారు. అమ్మకు అదే చేయించాం. మూడు వారాలు ఎదురుచూశాం. వచ్చిందేమిటి? కేఆర్‌ఏఎస్, టీపీ53 జీన్లలో మార్పులు, ఇంకో నాలుగు ‘ప్రాముఖ్యం తెలియని మార్పులు’. మందు ఒక్కదానికీ లేదు. ఆ మూడు వారాల్లో అమ్మ మంచం దిగలేని స్థితికి వచ్చింది, ఆ తర్వాత కీమో తట్టుకోలేదు.

పెద్దకొడుకు:
బాధే అండీ, కాదనను. కానీ కేఆర్‌ఏఎస్‌కి మందే రాదని దశాబ్దాలు అన్నారు. 2021లో సొటొరాసిబ్ అనే మందు వచ్చింది.

నిదానం:
అది ఆ జీన్‌లో జీ12సీ అనే మార్పుకి. అమ్మది జీ12డీ. ఈ ఒక్క అక్షరం తేడా నాకు కంఠతా వచ్చు.

మైక్రోటోమ్:
పెద్దకొడుకు గారూ, ఈజీఎఫ్‌ఆర్ రిపోర్టులో కణితి కణాల శాతం ఎంత రాశారు? ఏ పద్ధతిలో చేశారు?

పెద్దకొడుకు:
పది శాతం. సాంగర్ సీక్వెన్సింగ్, డీఎన్‌ఏ చదివే పాత పద్ధతట. అయితే?

మైక్రోటోమ్:
పది శాతం కణాల్లో, ఒక్కో కణంలో ఉన్న రెండు ప్రతుల్లో ఒకదాంట్లోనే మార్పు ఉందనుకోండి. మొత్తం డీఎన్‌ఏలో అది 5 శాతం. సాంగర్‌కి కనబడాలంటే సుమారు 15–20 శాతం కావాలి. అక్కడ ‘లేదు’ అని కాదు, ‘చెప్పలేం’ అని రాయాలి.

పెద్దకొడుకు:
అంటే మా నాన్నకు ఆ మార్పు ఉండి ఉండొచ్చంటున్నారా? ఇంత తీరిగ్గానా? మీలాంటివాళ్ళు రాసిన ‘లేదు’ చూసే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి రేపే మందు) మొదలుపెట్టారు!

మైక్రోటోమ్:
ఆ రిపోర్టు నేను రాయలేదు. ఒకరి కోపం అందరి మీదా రుద్దకండి.

నిదానం:
మీరిద్దరూ కోతలూ శాతాలూ అని కొట్టుకుంటున్నారు. నాకు ఏ టెస్టయినా ఒకటే. రిపోర్టు కోసం మనిషిని ఆపాలా వద్దా? అది చెప్పండి.

పెద్దకొడుకు:
ఆపాలి. ఆపకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూస్తున్నా.

నిదానం:
ఆపితే ఏమైందో మా ఇంట్లో చూశాం. అమ్మ పోయి ఏడాది.

మైక్రోటోమ్:
రెండిటికీ మధ్య దారి వాడే డాక్టర్లున్నారు. మనిషి ఆగలేని స్థితిలో ఉంటే కీమో మొదలుపెట్టి, రిపోర్టు వచ్చేదాకా ఇమ్యునోథెరపీని మాత్రం పక్కన పెడతారు. ముందు అది ఎక్కించి, వెంటనే ఈజీఎఫ్‌ఆర్ మార్పుకి ఇచ్చే ఆసిమెర్టినిబ్ మందుకి మారిస్తే ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ముప్పు ఎక్కువ.

నిదానం:
ఈ మాట అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే.

మైక్రోటోమ్:
పెద్దకొడుకు గారూ, బ్లాకు అయిపోయినా మొదట రోగనిర్ధారణకు రంగు వేసిన స్లైడ్లు ఉంటాయి. గాజు మీది కణజాలాన్ని గీకి దాన్నుంచి డీఎన్‌ఏ తీయొచ్చు. ఆ స్లైడు ఇక మిగలదు కాబట్టి ముందు ఫొటో తీసి దాచమనండి. ఈసారి సాంగర్ వద్దని కూడా చెప్పండి.

పెద్దకొడుకు:
ఆరు స్లైడ్లు ఉన్నాయి, ఫైల్లోనే. రేపు డాక్టర్‌ని అడుగుతా. ప్యానెల్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.