పాత 911కి మెకానిక్: గోడమీది సర్టిఫికెట్ చూడాలా, చేతివాటం చూడాలా?

శ్రీనివాస్, ఫ్రెస్నో

అందరికీ నమస్కారం. రెండేళ్ల క్రితం 1982 నాటి పోర్షే 911 ఎస్‌సి కొన్నాను. 3 లీటర్ల ఇంజిన్. నీళ్లూ లేవు, రేడియేటరూ లేదు, వెనకాల ఒక పెద్ద ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కొన్ననాటి ధైర్యం ఇప్పుడు లేదు.

పోయిన నెల జరిగింది చెబుతాను. మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక షెడ్డు ఉంది. పేరు వద్దులెండి, ఆయన మంచి మనిషి. మా ఆవిడ కారు పదేళ్లుగా ఆయనే చూస్తున్నాడు. గోడ నిండా సర్టిఫికెట్లు. బ్రేకు ఆయిల్ మార్చమని బండి ఇచ్చాను. సాయంత్రం వెళితే, "ఇంజిన్ ఆయిల్ బాగా తగ్గిపోయింది, రెండు క్వార్టులు పోశాను" అన్నాడు. దణ్ణం పెట్టి బయలుదేరాను. హైవే ఎక్కాక అద్దంలో చూస్తే వెనక కార్లేవీ కనబడలేదు, అంతా నీలం పొగ. ఇంటికొచ్చి ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పితే అడుగున ఆయిల్ మడుగు కట్టి ఉంది.

తప్పెక్కడ జరిగిందో ఆ రాత్రి కూర్చుని చదివాను. ఈ బండి ఆయిల్ ఇంజిన్ అడుగున ఉండదు, కుడివైపు వెనక చక్రం దగ్గర వేరే ట్యాంకులో ఉంటుంది. ఇంజిన్ ఆపితే అందులో కొంత మెల్లగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. అందుకని ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆపకుండా, చదునైన నేలమీద నిలబెట్టి డిప్‌స్టిక్ చూడాలి. ఆయన అన్ని బండ్లకూ చూసినట్టే చల్లగా ఉన్నప్పుడు చూశాడు. నాకూ తెలియదు కాబట్టి ఆయన్ని ఏమని అనను?

ఇప్పుడు వాల్వులు సెట్ చేయించాలి, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే స్క్రూకూ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీని సరిచేయించాలి. ఇంజిన్ ఎడమవైపు ఆయిల్ కూడా కారుతోంది. ఈ బండ్లే చూసే పెద్దాయన ఒకరు బే ఏరియాలో ఉన్నారు. మూడు గంటల ప్రయాణం, మూడు నెలలు ఆగాలి. మా ఊరి మెకానిక్ ఏమో, "పొరపాటు నాదే. మాన్యువల్ ఇవ్వండి, చదివి చేస్తాను, సగం కూలి చాలు" అంటున్నాడు. ఎవరికివ్వమంటారు?

టార్క్ రెంచి

ఇందులో ఆలోచించడానికేముంది? మూడు నెలలు ఆగండి.

మీ బండికి కంప్యూటర్ తగిలించి చదివే పరికరం ఉండదు. పెట్రోలు సరఫరా బాష్ కె-జెట్రానిక్. లోపలికి వచ్చే గాలి ఒక పళ్లెంలాంటి రేకును ఎత్తుతుంది, ఎంత ఎత్తితే అంత పెట్రోలు. అంతా ఒత్తిడితో నడిచే యంత్రాంగం. దాన్ని సరిచేయాలంటే ముందు పెట్రోలు ఒత్తిడి కొలిచే గేజ్ ఉండాలి, ఆ అంకెలు చెప్పేది అర్థం కావాలి. చలిలో స్టార్ట్ చేసేటప్పుడు మంట వెనక్కి తన్నితే ప్లాస్టిక్ ఎయిర్‌బాక్సు పగిలిపోతుంది. దానికి వంద డాలర్లు కూడా కాని చిన్న కవాటం పెట్టించుకుంటారు. ఈ సంగతి మీ ఊరి ఆయనకు తెలుసా? వాల్వులను తెరిచే కామ్‌ను తిప్పే చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్లు మీ బండిలో పాతవే ఉంటే, అవి చచ్చిన రోజు చైన్ పళ్లు జారి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. 1984 నాటి 911 కరెరా మోడల్ నుంచి కంపెనీయే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే రకం పెట్టింది. పాత ఇంజిన్లకూ అవి అమరుతాయి. మీ బండిలో ఏవి ఉన్నాయో చూశాడా ఆయన? లేదు. ఆయిల్ మాత్రం పోశాడు.

ఇంజిన్ మొత్తం దించి కొత్తగా కట్టించాలంటే 20 వేల డాలర్లు దాటడం మామూలే. సగం కూలికి ఆశపడితే మిగిలేది ఇదే.

బుల్లెట్ బాబాయి, న్యూజెర్సీ

నాకు పోర్షే లేదు, ఈ జన్మకు రాదు కూడా. కానీ గాలితో చల్లబడే ఇంజిన్ అంటే చెయ్యి ఊరుకోదు.

తెనాలిలో మా నాన్నగారి బుల్లెట్ చూసే మెకానిక్‌కు చదువు లేదు. ట్యాపెట్లు, అంటే అదే వాల్వుల ఖాళీ, సెట్ చేయడానికి గేజ్ వాడేవాడు కాదు. వాల్వును నెట్టే పుష్‌రాడ్ కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పేవాడు. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతే, మూత బిగించేవాడు. ఆ బండి ఇప్పటికీ మా తమ్ముడి దగ్గర నడుస్తోంది. సర్టిఫికెట్ లేనివాడు పనికిరాడనీ, ఆ మోడల్ తప్ప ఇంకోటి ముట్టనివాడే దేవుడనీ అనుకోవడం అమెరికా వచ్చాక పట్టిన జబ్బు.

శ్రీనివాస్ గారూ, తప్పు నాదేనని ఒప్పుకున్న మెకానిక్‌ను నా జీవితంలో ఇద్దరినే చూశాను. మీకు మూడోవాడు దొరికాడు. వదులుకోకండి.

టార్క్ రెంచి

బాబాయి గారూ, మీ తెనాలి మెకానిక్ మీద నాకు గౌరవమే. కానీ ఆయన చేతికింద రోజుకు ఎన్ని బుల్లెట్లు పడేవి? ఫ్రెస్నో ఆయన చేతికి ఏడాదికి ఒక 911 వస్తే గొప్ప. చెయ్యి తిరగాలంటే తిరగడానికి పని ఉండాలి కదా! పైగా అది ఒంటి సిలిండరు, ఇది ఆరు. మంచితనానికీ టెన్షనర్లకూ సంబంధం లేదు.

వేణు, అట్లాంటా

షోరూమును ఎవరూ తలవడం లేదేం? నాది 1995 నాటి 993, అదీ 911లో ఒక తరమే. మొదటి నుంచీ కంపెనీ షోరూములోనే చేయిస్తున్నాను. పాత బండ్ల విడిభాగాలు కంపెనీ ఇంకా తయారుచేయిస్తోంది. చేసిన పనికి రసీదు ఉంటుంది, రేపు అమ్మాలన్నా ఆ కాగితాలకు విలువ. ఖరీదెక్కువే, కాదనను.

పద్మజ, హ్యూస్టన్

వేణు గారూ, మీ 993లో వాల్వుల ఖాళీని హైడ్రాలిక్ లిఫ్టర్లు వాటంతటవే సర్దుకుంటాయి. శ్రీనివాస్ గారి ఎస్‌సిలో ఆ పని మనిషి చేయాలి, 15 వేల మైళ్లకోసారి. గాలితో చల్లబడే 911లు 1960ల నడుమ నుంచి 1998 దాకా వచ్చాయి. అన్నింటికీ ఒకే పేరు, కానీ ఒకే బండి కాదు. షోరూముకు వెళ్లడం తప్పని నేననను. అక్కడ ఎస్‌సి మీద పనిచేసినవారు ఇంకా ఉన్నారా, మన బండిని ముట్టేది వారేనా అని అడగాలి. బోర్డుమీది పేరుకు డబ్బిచ్చి, పానా పట్టే మనిషి ఎవరో తెలియకుండా తిరిగి రాకూడదు.

నాది 1987 కరెరా. వాల్వులు నేనే సెట్ చేసుకుంటాను. మెకానిక్‌ను ఎలా అంచనా వేయాలో నాకు ఆ పనే నేర్పింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు రోజు సాయంత్రం నుంచి బండి కదలకూడదు. ఇంజిన్ పూర్తిగా చల్లబడాలి. పుల్లీ మీద Z1 గుర్తును ఇంజిన్ కేసు అతుకుకు ఎదురుగా తెచ్చి, ఒకటో సిలిండరుతో మొదలుపెట్టాలి. తర్వాత పుల్లీని మూడోవంతు తిప్పిన ప్రతిసారీ ఒక సిలిండరు, వరసగా 6, 2, 4, 3, 5. మొత్తం 12 వాల్వులు. ఖాళీ 0.1 మిల్లీమీటరు, మన ఇంటి కాగితమంత. అంత మందం ఉన్న కొలత బ్లేడును స్క్రూ పాదానికీ వాల్వు తలకూ మధ్య దూర్చి లాగితే, వెన్నలోంచి కాదు, గట్టి పెరుగులోంచి లాగినట్టుండాలి. అసలు చిక్కు తర్వాత వస్తుంది. స్క్రూ కదలకుండా పట్టే లాక్‌నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది, ఖాళీ తగ్గిపోతుంది. మళ్లీ వదులు చేసి, మళ్లీ కొలవాలి. మొదటిసారి నాకు ఒక శనివారమంతా పట్టింది, మూడు బ్లేడ్లు వంగిపోయాయి. కింది ఆరు వాల్వులకు వెల్లకిలా పడుకుని, మోచేతులు ఎగ్జాస్టు గొట్టాలకు గీసుకుంటూ చేయాలి.

ఎగ్జాస్టు వాల్వు తన వేడిని ఎక్కువగా తాను మూసుకుని ఆనే సీటుకే ఇచ్చుకుంటుంది. ఖాళీ మరీ బిగువైతే వాల్వు సరిగా మూసుకోదు, చివరికి కాలిపోతుంది. పైగా బిగువైన వాల్వు చప్పుడు చేయదు, వదులైనదే టిక్కుటిక్కుమంటుంది. చప్పుడు లేదని మురిసిపోయే మెకానిక్‌ను నేను నమ్మను.

అందుకే బాబాయి గారి మాటా, టార్క్ రెంచి గారి మాటా నాకు సగం సగమే నచ్చాయి. ఎన్ని 911లు చేశారన్న లెక్క నాకు అక్కర్లేదు. ఫోను చేసినప్పుడు ఆయన నన్నేం అడుగుతాడో వింటాను. వాల్వులు ఎప్పుడు సెట్ చేశారు, టెన్షనర్లు ఏ రకం, ఎన్నాళ్లు కదలకుండా ఉంది అని అడిగితే వెళతాను. "తీసుకురండి, చూద్దాం" అని మాత్రమే అంటే వెళ్లను. ఇంకో మాట. ఎడమవైపు ఆయిల్ కారుతోందన్నారు కదా, కింది వాల్వు మూత విప్పేటప్పుడు దగ్గరుండండి. ఎస్‌సిలో ఎగ్జాస్టు వైపు హెడ్ స్టడ్లు, అంటే సిలిండరు హెడ్‌ను బిగించి ఉంచే కడ్డీలు, దిలావార్ అనే ప్రత్యేక ఉక్కుతో చేసినవి. అల్యూమినియం వేడికి సాగినట్టే అవీ సాగాలని ఆ లోహం వాడారు. తేమ తగిలి తుప్పు మొదలైతే ఒక రోజు పుటుక్కున విరుగుతాయి. విరిగిన ముక్క, దాని నట్టుతో సహా, ఆ మూతలో పడి ఉంటుంది.

వేణు, అట్లాంటా

పెరుగు పోలిక బాగుంది. మా షోరూములో అడిగాను. ఎస్‌సి చేసినాయన నాలుగేళ్ల క్రితమే రిటైరయ్యారట. మాట వెనక్కి తీసుకుంటున్నాను, సగం.

బుల్లెట్ బాబాయి, న్యూజెర్సీ

పద్మజమ్మా, మూడు బ్లేడ్లు వంచి నేర్చుకున్నావు. ఆ మూడు బ్లేడ్లు వంచే అవకాశం ఫ్రెస్నో ఆయనకూ ఎవరో ఒకరు ఇవ్వాలి కదా! ఇవి తెలిసినవాళ్లంతా అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు. అందరూ వాళ్ల దగ్గరే వరసలో నిలబడితే, వాళ్లు షట్టరు దించిన రోజున మీ బండ్లను పూలకుండీలుగా వాడుకోవాలి.

టార్క్ రెంచి

నేర్చుకోనివ్వండి, వద్దనలేదు. నా ఇంజిన్ మీద మాత్రం కాదు. ఇది స్వార్థమే, ఒప్పుకుంటాను.

సర్టిఫికెట్లను తక్కువ చేయకండి. మెకానిక్‌లకు అమెరికాలో పెట్టే ఏఎస్‌ఈ పరీక్షలు 1972 నుంచి ఉన్నాయి, ఆ సర్టిఫికెట్లను ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి. బ్రేకులు, కరెంటు, ఇంజిన్ పనుల్లో మనిషికి పునాది ఉందని చెబుతాయి. 1982 నాటి బండి ఆయిల్ ఎలా చూడాలో మాత్రం వాటిలో ఉండదు. ఇంకోటి, శ్రీనివాస్ గారూ. కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టేముందు రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలి. ముందే అడిగితే, తీసేసిన పాత భాగాలు కూడా మీకివ్వాలి. పెద్దాయన దగ్గరైనా అడగండి. నిపుణుల దగ్గర వచ్చే జబ్బు వేరే ఉంది, "ఎలాగూ విప్పాం కదా" అంటారు. ఎలాగూ విప్పాం కదా, క్లచ్ మార్చేద్దాం. ఎలాగూ విప్పాం కదా, గేర్‌బాక్సు సింక్రోలు వేద్దాం. అబద్ధం చెప్పరు, ప్రతి మాటా నిజమే. బిల్లు చూశాక తెలుస్తుంది. నేను ఆయిల్ కారుతోందని వెళ్లి, రంగు తప్ప అన్నీ మార్పించుకుని వచ్చాను.

శ్రీనివాస్, ఫ్రెస్నో

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. నా వంతు నిన్ననే వచ్చింది.

పద్మజ గారు చెప్పినట్టు ముగ్గురికి ఫోను చేశాను. ఇద్దరు ధర చెప్పారు. బే ఏరియా పెద్దాయన ధర చెప్పకుండా పావుగంట ప్రశ్నలు వేశారు. మీటర్లలో ఆయిల్ మట్టం చూపే ముల్లు దారిలో సున్నా చూపిస్తోందా అని కూడా అడిగారు. అవునని భయపడుతూ చెప్పాను. "నడుస్తున్నప్పుడు అంతే, దాన్ని నమ్మకండి" అన్నారు.

మా ఊరి మెకానిక్‌కు ఈ మాట చెబితే, షెడ్డు మూసేసి నేనూ వస్తానన్నాడు. ఇద్దరం తెల్లవారుజామున బయలుదేరాం. పెద్దాయన మమ్మల్ని కూర్చోమనలేదు. ఇంజిన్ ఆపవద్దని సైగచేసి, ఆయిల్ ట్యాంకు మూత తిప్పి తీశారు. తీయగానే ఇంజిన్ తడబడింది, ఆగిపోతుందేమో అనుకున్నాను. మూత పెట్టగానే సర్దుకుంది. రెండుసార్లు అలా చేసి, పరవాలేదన్నట్టు తలూపారు. ట్యాంకుకూ ఎయిర్‌బాక్సుకూ గొట్టంతో సంబంధం ఉంది కాబట్టి, ఆ మూత తీస్తే కొలతకు అందని గాలి లోపలికి పోతుందట. అప్పుడు ఇంజిన్ తడబడాలి. తడబడకపోతే ఇంకెక్కడో ఇప్పటికే గాలి దూరుతోందని అర్థం.

మా ఊరి మెకానిక్ అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. పెద్దాయన అది చూసి, డిప్‌స్టిక్ తీసి మావాడి చేతికిచ్చి, "ఇప్పుడు చూడు, ఎంతుందో చెప్పు" అన్నారు. పోయిన నెలల్లో పోసిందీ, నేను తీసేసిందీ పోగా సరిగ్గా రెండు గీతల మధ్య ఉంది.

అంచనా కాగితం తీసుకున్నాను. పాత భాగాలు కావాలని రాయించాను. ఇంజిన్ చల్లారాలి కాబట్టి ఎడమవైపు కింది మూత సోమవారం విప్పుతారట. మావాడు ఆ రోజు మళ్లీ వస్తానని అడిగాడు. కూలి ఇవ్వనని ఆయనా చెప్పారు, అడగనని ఈయనా చెప్పాడు.

పద్మజ, హ్యూస్టన్

మూత తిరగేయకుండా మెల్లగా దించమనండి. లోపలేముందో ఫొటో పెట్టండి.