ఇబాదాన్‌లో మూడు వారాలు: యోరుబా పలకరింపులు నేర్చుకోవాలా, అక్కర్లేదా?

కాకినాడ_కుర్రాడు

వచ్చే నెల కంపెనీ పని మీద నైజీరియా వెళ్తున్నాను. ఇబాదాన్‌లో మూడు వారాలు. ప్యాకింగ్ మెషిన్ బిగించి, అక్కడి ఆపరేటర్లకు నేర్పించి రావాలి. అక్కడివాళ్ల భాష యోరుబాలో ఓ పది ముక్కలైనా నేర్చుకుందామని కూర్చున్నాను. మా సీనియర్ ఒకాయన "అక్కడ అధికార భాషే ఇంగ్లీషు, నీకెందుకయ్యా ఈ తిప్పలు" అన్నాడు. ఇంకో మిత్రుడు "స్వరం తప్పితే బూతవుతుంది, నోరు మూసుకోవడం మేలు" అని భయపెట్టాడు. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి. మొహమాటం వద్దు.

ఇకేజా_పాతకాపు

లాగోస్‌లో నాకిది తొమ్మిదో ఏడు. నా మాట: అక్కర్లేదు.

ఊళ్లో అందరూ యోరుబావాళ్లే అనుకోవడం మనవాళ్లు చేసే మొదటి తప్పు. ఎలక్ట్రానిక్స్‌కి అలాబా మార్కెట్ వెళ్లండి, బండి పార్టులకి లాడిపో వెళ్లండి, దుకాణాల్లో ఎక్కువమంది ఇగ్బోవాళ్లు, వాళ్ల జాతి వేరు, భాష వేరు. కొత్తలో నేను అలాబాలో ఓ షాపతనికి గొప్పగా "ఎ కాసాన్" అన్నాను, అంటే మధ్యాహ్నం పలకరింపు. అతను క్యాలిక్యులేటర్ మీంచి తల కూడా ఎత్తలేదు. "నేను యోరుబా కాదు, నీకేం కావాలి?" అన్నాడు. ఆ రోజు రేటు కూడా తగ్గలేదు లెండి.

పిడ్జిన్ నేర్చుకోండి, అంటే అక్కడి కలగలుపు ఇంగ్లీషు. "హౌ ఫార్" (ఎలా ఉన్నావ్), "అబెగ్" (ప్లీజ్), "నో వహాలా" (ఏం ఫర్లేదు): ఈ మూడింటితో దేశంలో చాలా చోట్ల తిరిగి రావచ్చు. మూడు వారాల మనిషికి అంతకంటే ఎక్కువ దండగ.

బోడిజా_సంచి

పాతకాపు గారూ, ఆయన వెళ్లేది లాగోస్ కాదండీ, ఇబాదాన్. అది యోరుబా నడిబొడ్డు. అక్కడ మార్కెట్లో, మైక్రా అనే చిన్న కారు టాక్సీలో, గేటు దగ్గర చెవిన పడేది యోరుబాయే. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లు ఉన్నాను, కూరగాయలన్నీ బోడిజా మార్కెట్లోనే. మొదటి రెండు నెలలూ నేను చేసింది ఇదీ: మిరపకాయల కుప్ప ముందు నిలబడటం, వేలితో చూపించటం, "హౌ మచ్" అనటం. ఆవిడ రేటు చెప్పేది, మొహం మాత్రం పక్క షాపు వైపు ఉండేది. రంగు చూసి ఎక్కువ చెబుతోందని ఇంటికొచ్చి మావారి దగ్గర సణుక్కునేదాన్ని.

ఓ రోజు నాతో వచ్చిన పక్కింటావిడ తిరుగుదారిలో మెల్లిగా అడిగింది, "నువ్వు ఎవరినీ పలకరించవా?" అని. నాకర్థం కాలేదు. అక్కడ పలకరింపు లేకుండా పనిలోకి దిగితే మన ఇంటికి ఎవరో వచ్చి చెప్పులైనా విప్పకుండా "అప్పు తీర్చండి" అన్నట్టు ఉంటుందట. మర్నాడు "ఎ కారో" అని నిలబడ్డాను, అంటే పొద్దుటి పలకరింపు. ఆవిడ చేతిలో డబ్బా కింద పెట్టి, "ఆఆ! ఎ కారో మా!" అని పక్కనున్న ముగ్గురినీ పిలిచి మళ్లీ అనిపించింది. రేటు తగ్గిందా అంటే, ఓసారి తగ్గేది, ఓసారి లేదు. కానీ ఆ రోజు నుంచి పైన రెండు కాయలు వేసేది, కొసరు.

ఇంకో సంగతి. వాళ్ల పలకరింపు ఉదయం, సాయంత్రంతో అయిపోదు. "ఎ కు" అని మొదలుపెట్టి ఎదుటి మనిషి ఏం చేస్తుంటే అది తగిలిస్తారు. పని చేస్తుంటే "ఎ కు ఇషే", కూర్చుని ఉంటే "ఎ కు ఇజోకో", చలేస్తుంటే "ఎ కు ఓటుటు". శుభకార్యం చేసి ఖర్చు పెట్టుకున్నవాళ్లకి "ఎ కు ఇనావో". ఖర్చుకి కూడా పలకరింపే! మనూళ్లలో బిందె పట్టుకుని ఎదురొస్తున్న మనిషినే "ఏం వదినా, నీళ్లకా?" అంటాం చూడండి, అచ్చం ఆ వరస. నైజీరియావాళ్లు ఇంగ్లీషులో పని చేసుకునేవాళ్లని చూసి ఊరికే "వెల్ డన్" అంటుంటారు. అదేదో మెచ్చుకోలు అని మావారు చాలాకాలం పొంగిపోయారు. అది "ఎ కు ఇషే" ఇంగ్లీషు చొక్కా వేసుకుని రావడం, అంతే.

స్వరం_ముఖ్యం

అందరూ ఉత్సాహపరుస్తున్నారు కాబట్టి చల్లనీళ్లు నేను పోస్తాను. యోరుబాలో మూడు స్వరాలు: హెచ్చు, మధ్యమం, తగ్గు. "ఒకో" అనే ఒక్క మాటే స్వరాన్ని బట్టి మొగుడు, పార, బండి. ఆ ఓకారం కొంచెం మారిస్తే పొలం, దానికే స్వరం హెచ్చిస్తే మగవాళ్ల గురించి నలుగురిలో అనకూడని మాట. రాతలో అక్షరం కింద చుక్కలు, పైన గీతలు ఉంటాయి. మనం తెలుగులో రాసుకుంటే చుక్కా పోతుంది, గీతా పోతుంది. వాళ్ల "ప" మన ప కాదు, క, ప రెండూ ఒకే దెబ్బకి పలకాలి. ఈ చర్చలో అందరూ రాస్తున్న "ఎ కారో" చదివి నేర్చుకుంటే మీరు నేర్చుకున్నది యోరుబా కాదు.

బోడిజా_సంచి

మరి ఆ మిరపకాయలావిడకి నా యోరుబా కాని యోరుబా ఎలా అర్థమైందంటారు? పొద్దున ఏడింటికి నవ్వు మొహంతో ఎవరైనా "ఎ కారో" అంటే పొలం గురించి మాట్లాడుతున్నారని ఎవరూ అనుకోరు. రికార్డింగులు విని నేర్చుకోవాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. కాగితం మీద నేర్చుకుంటే నాలాగే ఆర్నెల్లు దీర్ఘాలు తప్పు తీస్తారు.

మలక్‌పేట_మామ

నేను నైజీరియా మొహం చూడలేదు. మా కింద పోర్షన్‌లో ఇబాదాన్ కుర్రాడు అద్దెకుంటాడు, ఎంబీయే చదువుతున్నాడు. మొదటి వారం మెట్ల మీద ఎదురై "ఎలా ఉన్నావ్ అంకుల్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, మా ఆవిడ మాత్రం "ఉన్నారు అనాలి నాన్నా" అని దిద్దింది. వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని నొచ్చుకున్న తీరు చూడాలి. వాళ్ల దగ్గర కూడా ఇదే లెక్కట. ముందు "ఎ" ఉంటే మీరు, లేకపోతే నువ్వు. పెద్దవాళ్లకి ఒట్టి "కారో" అంటే తిట్టినంత పని. "ఎ షే" పెద్దలకి థాంక్స్, "ఓ షే" ఈడువాళ్లకీ చిన్నవాళ్లకీ. ఊళ్లో తాతగారి ముందు మగపిల్లలు నేల మీద సాష్టాంగం, ఆడపిల్లలు మోకాళ్ల మీద. ఇక్కడ మాకు మాత్రం ఒంగి చెయ్యి నేలకి ఆనిస్తాడు. మా ఆవిడ అప్పట్నుంచి పులిహోర చేసిన ప్రతిసారీ కిందికి ఓ గిన్నె పంపిస్తోంది, నాకు తగ్గించి.

మీ ప్రశ్న వాడికి చూపించాను. స్వరం తప్పితే నవ్వుతారు, "ఎ" తప్పితే నవ్వరు, అన్నాడు. అందరికీ "ఎ" పెట్టేయమన్నాడు, ఎక్కువైన మర్యాదకి ఎవరూ కోప్పడరట.

ఇకేజా_పాతకాపు

సరే, పలకరింపుల వరకు ఒప్పుకుంటా. కానీ ఆ పుస్తకాల్లో ఉండే "ఏలో ని?" జోలికి వెళ్లకండి. "ఎంత?" అని వాళ్ల భాషలో అడిగితే వాళ్ల భాషలోనే చెబుతారు. అక్కడ పదిహేను అంటే ఐదు తక్కువ ఇరవై. యాభై అంటే పది తక్కువ మూడు ఇరవైలు. నలభై ఐదు అంటే ఆ యాభైకి ఇంకో ఐదు తక్కువ. మనకి "రూపాయి తక్కువ వంద" ఒక్కటే వచ్చు, అక్కడ తీసివేతల మీదే సంత నడుస్తుంది. ప్రశ్న నేర్చుకుని జవాబు నేర్చుకోకపోతే ఏం లాభం?

లాగోస్‌లో దిగినప్పుడు పసుపు రంగు డాన్‌ఫో బస్సెక్కితే మాత్రం "ఓ వా ఓ!" అని అరవటం నేర్చుకోండి. దిగేవాళ్లున్నారు, ఆపు అని. నాకు తొమ్మిదేళ్లలో నిజంగా పనికొచ్చిన యోరుబా అదొక్కటే. చిల్లర కుడిచేత్తో ఇవ్వండి, ఎడం చెయ్యి మన దగ్గరలాగే అక్కడా మర్యాద కాదు.

కాకినాడ_కుర్రాడు

వచ్చి ఆరు రోజులైంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఒక పెద్దాయన. మొదటి రోజు "ఎ కారో సార్" అన్నాను. లేచి నిలబడి, బాగా నిద్రపోయారా, అంతా క్షేమమేనా, ఇంకా ఏవేవో వరసగా అడిగారు. నా దగ్గర "అ దుపే" ఒక్కటే ఉంది, దేవుడి దయ, బాగున్నాం అన్నట్టు. మూడుసార్లు అదే అన్నాను. పాతకాపు గారు చెప్పిందే నిజం, జవాబు తెలియకుండా దిగాను. మూడో రోజు పన్నెండు దాటాక కూడా "ఎ కారో" అంటే, చేతి గడియారం చూపించి "ఎ కాసాన్" అని దిద్దారు. ఇప్పుడు రోజుకో మాట ఇస్తున్నారు, నేనూ ఆయనకి "నమస్కారం" ఇచ్చాను.

నిన్న స్పానర్ జారి నా పాదం మీద పడింది. ఆపరేటర్లు నలుగురూ ఒక్కసారి "ఎ పెలే సార్!" అన్నారు. పడేసింది నేను, సారీ వాళ్లు చెబుతున్నారేమిటా అనుకున్నాను. అయ్యో అనటమట, మన "దెబ్బ తగిలిందా" లాగా.

మెషిన్ మాత్రం ఇంకా నడవలేదు. ఒక హీటర్ పార్ట్ దారిలో ఉంది. పొద్దున్నుంచి అందరం బల్ల మీద కూర్చుని దాని కోసం చూస్తున్నాం. బోడిజా గారూ, దీనికి కూడా ఏదైనా "ఎ కు" ఉందా?

బోడిజా_సంచి

పైన రాశానుగా, "ఎ కు ఇజోకో". ఆ బల్ల దగ్గరికి ఇవాళ ఎవరొచ్చినా ముందు వాళ్లే మీతో అంటారు. చెవి అటు వేసి ఉంచండి. కాలు ఎలా ఉంది?